యాంటీబాడీలు ఉన్నాయంటే మంచిదే కదా?

ప్రశ్న: సార్, మాది పరకాల దగ్గర ఒక ఊరు. నేను హన్మకొండలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయమ్మగా పని చేస్తాను. మా తమ్ముడు (29) భివండీలో మగ్గాల మీద పని చేసేవాడు, ఉగాదికి ఊరికి వచ్చాడు. హెర్నియా ఆపరేషన్‌కు ముందు రక్తం చూస్తే ‘హెచ్‌ఐవీ యాంటీబాడీస్: రియాక్టివ్’ అని రిపోర్టు వచ్చింది. మా ఊరి ఆర్‌ఎంపీ అది చూసి ‘యాంటీబాడీలు వచ్చినయంటే ఒంట్ల కొట్లాడే బలం ఉన్నట్టే బిడ్డా, గాబరా పడకు’ అన్నాడు. ఆయన చెప్పిన చోట తెచ్చి రెండు నెలలుగా పసరు మందు తాగిస్తున్నాం. నాకు నర్సింగ్ హోమ్‌లో హెపటైటిస్-బి టీకా వేసి, తర్వాత పరీక్ష చేసి ‘యాంటీబాడీలు వచ్చాయి, ఇక భయం లేదు’ అన్నారు. కరోనా అప్పుడు కూడా ఇదే మాట విన్నాం. మరి తమ్ముడికి యాంటీబాడీలు ఉంటే రోగం ఉన్నట్టు ఎట్లా అవుతుంది? యాంటీబాడీ ఇంజెక్షన్‌తో హెచ్‌ఐవీ పోతుందని వాట్సాప్‌లో వీడియో చూశాను, నిజమేనా? అమ్మ వాడి కంచం, గ్లాసు వేరు పెట్టింది, దోమలు కుడితే పిల్లలకు వస్తుందని భయపడుతోంది. మరదలికి ఐదో నెల. ఆమెకు ఇంకా చెప్పలేదు.
ఒక అక్క, పరకాల

సమాధానం: అమ్మా, మీరు ఉత్తరం చివర్లో రాసిన మాటే ముందు ఎత్తుకుంటాను. మరదలికి ఐదో నెల, ఆమెకు సంగతి తెలియదు. మిగతావన్నీ నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఆగదు. సోమవారం తమ్ముణ్ణి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్ళండి. హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ చేసే ఐసీటీసీ ఎక్కడని అడగండి. మందులిచ్చే ఏఆర్‌టీ సెంటరు కూడా ఎంజీఎంలోనే ఉంది. పైసా ఖర్చు ఉండదు. ఆపరేషన్‌కు ముందు చేసిన ఒక్క కార్డు పరీక్షతో ఎవరినీ పాజిటివ్ అని తేల్చరు, వేర్వేరు రకాల మూడు కిట్లతో చూసి అప్పుడు చెప్తారు.

మరదలికి ఈ విషయం మీరు చెప్పొద్దు, మీ అమ్మ అసలే చెప్పొద్దు. తమ్ముడి నోటి నుంచే రావాలి. కౌన్సెలర్ పక్కన కూర్చుని చెప్పిస్తారు, వాళ్ళకది రోజూ ఉండే పనే. గర్భిణులకు మొదటి చెకప్‌లోనే హెచ్‌ఐవీ పరీక్ష చేస్తారు కాబట్టి ఆమెకు ఒకసారి అయ్యే ఉంటుంది. అది నెగెటివ్ అయినా మళ్ళీ చేయించాలి. వైరస్ ఒంట్లో చేరాక యాంటీబాడీలు (వైరస్ లాంటివాటిని పట్టుకోవడానికి మన ఒళ్ళు తయారుచేసుకునే ప్రొటీన్లు) కార్డుకు అందేంతగా తయారవడానికి కొన్ని వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది. అంతవరకు కండోమ్ తప్పనిసరి. గత మూడు రోజుల్లో ఇద్దరూ కలిసి ఉంటే ఆ మాట కూడా దాచకుండా డాక్టరుకు చెప్పమనండి, 72 గంటల లోపు మొదలుపెడితేనే పనిచేసే మందులు ఉన్నాయి. ఒకవేళ ఆమెకూ ఉందని తేలితే గుండె జారిపోవద్దు. కడుపుతో ఉండగానే మందులు మొదలుపెట్టి, పుట్టిన బిడ్డకు కొన్ని వారాలు సిరప్ వేస్తే, నూటికి తొంభై అయిదుకు పైగా బిడ్డలు హెచ్‌ఐవీ లేకుండా బయటపడుతున్నారు. అయితే నెలలు గడిచేకొద్దీ మనకున్న వ్యవధి తగ్గిపోతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. ల్యాబులో పనిచేసినన్నాళ్ళూ ‘రియాక్టివ్ అంటే మంచిదా, చెడ్డదా?’ అని చాలామంది అడిగారు. మీలా హెపటైటిస్-బితో పోల్చి నిలదీసినవాళ్ళు తక్కువ. మీ ఆర్‌ఎంపీని నేను తిట్టబోను. రాత్రి పన్నెండింటికి పిల్లకు జ్వరం వస్తే ఊళ్ళో తలుపు తీసేది ఆయనే. కాని ఈ ఒక్క మాట మాత్రం తప్పు. ఎక్కడ తప్పిందో ఆ కార్డు దగ్గరే చూద్దాం.

నర్సింగ్ హోమ్‌లో మీరు ఆ కార్డు చూసే ఉంటారు. వేలెడంత తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, మధ్యలో చిన్న కిటికీ, కిటికీ పక్కన ‘సీ’, ‘టీ’ అని అక్షరాలు. కింద గుంతలో రక్తం ఒక చుక్క, బుడ్డిలోని నీళ్ళలాంటి మందు రెండు మూడు చుక్కలు వేస్తారు. పంచె కొంగు నీళ్ళలో పడితే తడి పైకెక్కినట్టు ఆ తడి పట్టీ మీద మెల్లగా పాకుతుంది. ‘టీ’ ఉన్నచోట కిట్టు తయారుచేసినవాళ్ళు హెచ్‌ఐవీ ప్రొటీన్ ముక్కల్ని ముందే సన్నని గీతలా అంటించి పెడతారు. అవి ఫ్యాక్టరీలో చేసిన ముక్కలు, వాటితో రోగం అంటదు. రక్తంలో హెచ్‌ఐవీ యాంటీబాడీలు ఉంటే అవి పాకుతూ వచ్చి ఆ ముక్కల్ని పట్టుకుని అక్కడే నిలిచిపోతాయి. కంటికి ఆనని బంగారు రేణువులు కూడా (నిజమైన బంగారమే, ఆశపడేంత ఉండదు) అక్కడే పోగవుతాయి. ఇరవై నిమిషాల్లో ఎర్రగీత తేలుతుంది. దాన్నే రిపోర్టులో ‘రియాక్టివ్’ అని రాస్తారు.

అంటే ఆ గీతకు తెలిసింది ఇంతే: ఈ మనిషి రక్తంలో వైరస్ ముక్కను పట్టుకునే యాంటీబాడీలు ఉన్నాయి. పట్టుకుని దాన్ని ఆపగలవా అన్నది ఆ కార్డు అడగదు, చెప్పదు. హన్మకొండ చౌరస్తాలో కదిలిపోయే బస్సును వెనక నిచ్చెన పట్టుకుని ఎంతమంది వేలాడినా బస్సు ఆగుతుందా? స్టీరింగ్ దగ్గరికి చేయి పోతే కదా ఆగేది. మీ తమ్ముడి యాంటీబాడీల్లో ఎక్కువ భాగం నిచ్చెన పట్టుకున్నవే.

వైరస్ స్టీరింగ్ ఎక్కడుందో తెలియాలంటే అది కణంలోకి ఎట్లా దూరుతుందో చూడాలి. హెచ్‌ఐవీ మన వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు ఉండే గుండు. దాని ఒంటి మీద ముళ్ళు ఉంటాయి. కరోనా వైరస్ బొమ్మలో ఉమ్మెత్తకాయలా ఒళ్ళంతా ముళ్ళు చూశారు కదా, దీనికి అన్ని ఉండవు, పద్నాలుగు దాకా ఉంటాయేమో. ఒక్కో ముల్లులో రెండు భాగాలు. బయట టోపీలా ఉండేది జీపీ120, దాన్ని మోస్తూ వైరస్ పొరలో నాటుకుని ఉండేది జీపీ41. అలాంటి జతలు మూడు కలిస్తే ఒక ముల్లు.

ఈ ముల్లు వెతికేది సీడీ4 అనే ప్రొటీన్‌ను. తెల్లరక్తకణాల్లో కొన్నింటి మీద అది పైకి పొడుచుకుని ఉంటుంది. ఈ సీడీ4 కణాలు ఊళ్ళో పెద్దమనుషుల్లాంటివి. కర్ర పట్టుకుని తాము కొట్లాటకు దిగవు, ఎవరు ఎటు పోవాలో చెప్తాయి. హెచ్‌ఐవీ సరిగ్గా వాటి గుమ్మాన్నే ఎంచుకుంది, అందుకే ఇన్ని అవస్థలు. వైరస్‌కు సీడీ4 గుమ్మమని 1984లో తెలిసింది. అయితే మనిషి సీడీ4ను ఎలుక కణాల మీద పెట్టి చూస్తే వైరస్ అంటుకుంది కాని లోపలికి పోలేకపోయింది. గొళ్ళెం తీసినా లోపల గడియ వేసి ఉన్నట్టు. ఆ గడియ ఏమిటో తేలడానికి 1996 దాకా పట్టింది. దాని పేరు సీసీఆర్5. కొన్ని వైరస్‌లు దాని బదులు సీఎక్స్‌సీఆర్4 అనే ఇంకొకదాన్ని వాడతాయి.

జరిగే వరస ఇది. జీపీ120 వెళ్ళి సీడీ4ను పట్టుకుంటుంది. పట్టుకోగానే ముల్లు ఆకారమే మారిపోతుంది, అప్పటిదాకా మడతల్లో దాచుకున్న రెండో చేయి బయటపడుతుంది. ఆ చేయి సీసీఆర్5ను అందుకుంటుంది. అప్పుడు టోపీ పక్కకు తప్పుకుని, లోపలి జీపీ41 గాలంలా ఎగిరి మన కణం పొరలో గుచ్చుకుంటుంది. తర్వాత మడత కత్తి మూసుకున్నట్టు నడుం దగ్గర ముడుచుకుంటుంది. ఒక కొస వైరస్ పొరలో, ఇంకో కొస మన కణం పొరలో ఉన్నాయి కాబట్టి, ముడుచుకోగానే రెండు పొరలూ దగ్గరికి లాగబడి ఒకటైపోతాయి. నూనె బొట్లు రెండు కలిసినట్టు. వైరస్ సరుకంతా లోపలికి జారిపోతుంది. తలుపు పగలగొట్టిన ఆనవాలు కూడా ఉండదు.

కాబట్టి యాంటీబాడీ నిజంగా ఆపాలంటే ఈ వరసలో ఎక్కడో అడ్డం పడాలి. జీపీ120లో సీడీ4 తగిలే గుంటను కప్పేయాలి, ముల్లు విచ్చుకోకుండా బిగించేయాలి, లేదా జీపీ41ను ముడుచుకోనీయకూడదు. మిగతా ఎక్కడ పట్టుకున్నా నిచ్చెన కిందే లెక్క. మన ఒళ్ళు తొలుత దండిగా తయారుచేసే యాంటీబాడీలు జీపీ41లో ఒక వంపును పట్టుకునేవి. కిట్లవాళ్ళు కార్డు మీద అంటించేది ఎక్కువగా ఆ వంపు ముక్కనే, ఎందుకంటే దాదాపు అందరి రక్తంలోనూ దానికి యాంటీబాడీలు ఉంటాయి. పరీక్షకు అంత బాగా పనికొచ్చే యాంటీబాడీ రక్షణకు మాత్రం అక్కరకు రాదు. పైగా వైరస్ మీద విరిగిపోయిన ముళ్ళు, టోపీ ఊడిపోయిన మొండేలు కూడా ఉంటాయి. మన ఒళ్ళు వాటినీ శత్రువులే అనుకుని వాటి కొలతలకూ యాంటీబాడీలు కుట్టుకుంటూ కూర్చుంటుంది.

సరే, అసలు గుంటనే పట్టుకోవచ్చు కదా అంటారు. ఎనుమాముల మార్కెట్లో పత్తి చూశారుగా. గింజ మీద నేరుగా వేలు పెట్టగలరా? చుట్టూ దూది. హెచ్‌ఐవీ ముల్లు కూడా అంతే, గింజ ప్రొటీన్ అయితే దాని చుట్టూ దూదిలా చక్కెర పోగులు. జీపీ120 బరువులో దాదాపు సగం ఈ చక్కెరే. అసలు మోసం ఏమిటంటే ఆ దూది వైరస్ సొంతం కాదు. వైరస్ తయారయ్యేది మన కణంలో కాబట్టి మన కణమే తన చక్కెరల్ని దానికి చుట్టి పంపిస్తుంది. మన రక్షణ వ్యవస్థకు అది ఇంటి గుడ్డలాగే కనిపిస్తుంది, చేయి చేసుకోదు. సీడీ4 తగిలే గుంట ఆ దూది మధ్యలో లోతుగా ఉంది. సీడీ4 సన్నగా ఉండి దూరుతుంది, యాంటీబాడీ రెండు చేతులు చాచిన వై ఆకారపు మనిషి, ఇరుకు సందులో పట్టడు. సీసీఆర్5ను అందుకునే ఆ రెండో చేయి సంగతి ఇంకా అన్యాయం. అది బయటపడేది వైరస్ కణానికి ఆనుకున్నాకే. అప్పుడు మధ్యలో యాంటీబాడీ దూరే చోటే మిగలదు.

ఇన్ని అడ్డంకులు దాటి కొన్ని నెలలకు నిజంగా ఆపే యాంటీబాడీలు కొన్ని తయారవుతాయి. మీ తమ్ముడి ఒంట్లోనూ అయ్యే ఉంటాయి. అప్పటికి వైరస్ మారిపోయి ఉంటుంది. మందులు వాడని మనిషి ఒంట్లో రోజుకు వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్‌లు పుడతాయని లెక్క. నకలు తీసేటప్పుడు పడిన తప్పుల్ని హెచ్‌ఐవీ దిద్దుకోదు, అందుకే పిల్లకు పిల్లకు తేడా. యాంటీబాడీ అంటే కొలతలు తీసి కుట్టిన జాకెట్టు అనుకోండి. కుట్టి తెచ్చేసరికి ఒళ్ళు మారిపోయింది. మళ్ళీ కొలతలు, మళ్ళీ కుట్టడం, మళ్ళీ మారడం. ఈ పరుగులో ఏళ్ళ తరబడి వైరస్సే ముందుంటుంది, సీడీ4 కణాలు తగ్గుతూ పోతాయి. ‘కొట్లాడే బలం’ అని మీ ఆర్‌ఎంపీ అన్నది ఈ పరుగునే. కొట్లాడుతున్న మాట నిజమే, గెలవడం లేదు.

మీ హెపటైటిస్-బి సంగతి వేరు. మీకు టీకా వేసినప్పుడు ఒంట్లో వైరస్ లేదు. దొంగ రాకముందే కాపలా వచ్చింది, పైగా ఆ వైరస్ పైపొర ఇంతలా వేషాలు మార్చదు. మీ తమ్ముడి విషయంలో దొంగ ఇంట్లో దూరి, తన జన్యువును కణం డీఎన్‌ఏలో అతికించి కూర్చున్నాక కాపలా వచ్చింది. డీఎన్‌ఏలో నిద్రపోయే వైరస్ యాంటీబాడీలకు కనిపించదు. ఆ మాటకొస్తే హెపటైటిస్-బిలోనూ ‘కోర్ యాంటీబాడీ’ అని, వైరస్ లోపలి భాగాన్ని పట్టుకునేది ఒకటుంది, అది ఉన్నంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు. ఏ యాంటీబాడీ, దేన్ని పట్టుకుంటుంది అని అడగకుండా ఊరికే ‘యాంటీబాడీలు ఉన్నాయి’ అంటే అది సగం మాటే.

మీ వాట్సాప్ వీడియో కూడా సగం మాటే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో కొద్దిమందికి, కొన్నేళ్ళు గడిచాక, చాలా రకాల వైరస్‌లను ఆపగల యాంటీబాడీలు పుడతాయి. 2010లో బయటికి చెప్పిన వీఆర్‌సీ01 అలాంటిదే. అది అచ్చం సీడీ4 దూరినట్టే ఆ గుంటలోకి దూరుతుంది, దూదిని తప్పించుకుని. దాన్ని ల్యాబులో తయారుచేసి, హెచ్‌ఐవీ లేని నాలుగు వేల ఆరు వందల మందికి పైగా జనంతో పరీక్ష నడిపారు. కొందరికి ఆ మందు, కొందరికి ఉత్త సెలైన్, ఎనిమిది వారాలకోసారి. 2021లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద ఆపలేకపోయింది. దానికి లొంగే రకం వైరస్‌ల దగ్గర మాత్రం నూటికి డెబ్బై అయిదు వంతుల దాకా రక్షణ కనిపించింది. చిక్కల్లా అలాంటి వైరస్‌లు అక్కడ మూడో వంతు కూడా లేకపోవడమే. అందుకే ఇప్పుడు రెండు మూడు యాంటీబాడీలు కలిపి ప్రయత్నిస్తున్నారు. అదీ సంగతి. ఆ ఇంజెక్షన్‌తో రోగం పోయినవాళ్ళు లేరు, ఎవరైనా అమ్మజూపితే డబ్బులివ్వకండి.

హెచ్‌ఐవీ పూర్తిగా పోయిన మొదటి మనిషి టిమొతీ రే బ్రౌన్. బ్లడ్ క్యాన్సర్ కోసం 2007లో బెర్లిన్‌లో అతనికి ఎముక మూలుగ మార్చారు. ఆ మూలుగ ఇచ్చిన వ్యక్తికి పుట్టుకతోనే పనిచేసే సీసీఆర్5 లేదు, అంటే వైరస్ తీసి దూరడానికి గడియే లేని ఇల్లు. వైరస్‌కు పట్టు దొరకలేదు. అలాంటివాళ్ళు ఉత్తర ఐరోపా సంతతిలో నూటికి ఒకరు, మన దేశంలో మరీ అరుదు. పైగా ఆ ఆపరేషన్‌లోనే ప్రాణం పోవచ్చు, క్యాన్సర్ లేనివాడికి ఎవరూ చేయరు.

గుమ్మం దగ్గర అడ్డుకునే మందులూ ఉన్నాయి. మారావిరాక్ అనే మాత్ర సీసీఆర్5ను కప్పేస్తుంది, ఎన్‌ఫువిర్టైడ్ జీపీ41ను ముడుచుకోనీయదు. మొదటిది వాడాలంటే వైరస్ ఏ గడియ తీసుకుని వస్తుందో ముందు పరీక్షించాలి, రెండోది రోజుకు రెండు సూదులు. ఎంజీఎంలో మీ తమ్ముడికి ఇవి ఇవ్వరు, అవసరమూ లేదు. మామూలుగా ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఒకే మాత్ర, రోజుకు ఒకటి. ఇది గుమ్మంలో కాదు, లోపల పనిచేస్తుంది. వైరస్ తన జన్యువును నకలు తీసే చోట రెండు మందులు, దాన్ని మన డీఎన్‌ఏలో అతికించే చోట ఒకటి అడ్డం పడతాయి. మూడూ ఒకేసారి ఉంటే వైరస్ తప్పించుకునే వేషం కట్టలేదు. మన దేశంలో 2017 నుంచి సీడీ4 లెక్క ఎంతున్నా సరే, పాజిటివ్ అని తేలగానే మందులు మొదలుపెడుతున్నారు. జీవితాంతం వాడాలి, మధ్యలో ఆపితే డీఎన్‌ఏలో పడుకున్నది లేస్తుంది.

ఒక విషయం తమ్ముడికి ఇప్పుడే చెప్పి పెట్టండి. మందులు సరిగ్గా వాడితే సుమారు ఆరు నెలలకు చేసే వైరల్ లోడ్ పరీక్షలో (రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచేది) వైరస్ దొరకని స్థాయికి వస్తుంది. అది అలాగే నిలిస్తే భార్యకు కలయిక ద్వారా సోకదు. ఒకరికి ఉండి ఇంకొకరికి లేని జంటల్ని ఏళ్ళ తరబడి చూసిన అధ్యయనాల్లో, వైరస్ దొరకని స్థితిలో ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికి కూడా సోకలేదు. కాని అప్పుడు కూడా కార్డు పరీక్ష చేస్తే ఎర్రగీత వస్తుంది. యాంటీబాడీలు ఉంటాయి కదా. మందు పనిచేస్తోందా అని తెలుసుకోవడానికి ప్రైవేటు ల్యాబుకు పోయి మళ్ళీ అదే కార్డు చేయించుకుని, గీత పోలేదని మందులు మానేసినవాళ్ళను నేను చూశాను. చూడాల్సింది వైరల్ లోడ్.

పుట్టబోయే బిడ్డ దగ్గరా ఇదే తిరకాసు. ఒకవేళ మరదలికి హెచ్‌ఐవీ ఉంటే ఆమె యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరతాయి. బిడ్డకు వైరస్ లేకపోయినా ఏడాదిన్నర దాకా కార్డులో గీత రావచ్చు. అందుకే పసిపిల్లలకు ఆరో వారంలో వైరస్ జన్యువునే వెతికే పరీక్ష చేస్తారు. ఊళ్ళో ఎవరైనా కార్డు పెట్టి ఏదో ఒకటి అంటే నమ్మొద్దు.

కంచం, గ్లాసు మాట అమ్మకు ఇట్లా చెప్పండి: వైరస్‌కు సీడీ4 ఉన్న కణం దొరకాలి, అది స్టీలు గ్లాసు అంచు మీద ఉండదు. ఎంగిలితో, ఒకే బాత్రూంతో, పక్కపక్కన పడుకున్నంత మాత్రాన రాదు. దోమ కడుపులోకి పోయిన వైరస్‌కు అక్కడ సీడీ4 లేదు, అంటుకునే దారి లేక అరిగిపోతుంది. దోమ మనల్ని కుట్టినప్పుడు వదిలేది దాని ఉమ్మి, ఇంతకుముందు తాగిన రక్తం కాదు. దోమలంటే భయపడాల్సింది డెంగీకి, దానికి మాత్రం ఇప్పుడే తెర కట్టుకోండి. రేజరు, గోళ్ళు తీసే బ్లేడు వేరుగా ఉంచితే చాలు.

సోమవారం పొద్దున్నే బయల్దేరండి. పాత రిపోర్టు, ఆధార్ కార్డు పెట్టుకోండి. హెర్నియా కోసం రాసిచ్చిన చీటీ కూడా ఉండాలి, హెచ్‌ఐవీ ఉందని ఆపరేషన్ చేసేది లేదనడం 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం కుదరదు. దగ్గు, జ్వరం ఉంటే దాచకుండా చెప్పమనండి, టీబీ ఉందేమో ముందు చూస్తారు. ఫోన్‌లో అడగాలనుకుంటే 1097కు చేయండి, పేరు చెప్పక్కరలేదు. ఆ పసరు ఈ రోజు నుంచే ఆపేయండి, సీసాను మాత్రం కోపంతో పారబోయకండి. సంచీలో వేసుకుని తీసుకెళ్ళండి. రెండు నెలలుగా ఏం తాగాడో డాక్టరుకు తెలియాలి, లివరు, కిడ్నీ పరీక్షలు చూసేటప్పుడు అడుగుతారు.